ఇంట్లో 82 యూనిట్లు తగ్గించాను. మరి అణు విద్యుత్తు కావాలని అడగడానికి భయమెందుకు?

నెల్లూరు కుట్టుమిషన్ (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మాది వేదాయపాళెం. ఇంట్లోనే బ్లౌజులు కుడతాను. పోయిన మార్చిలో కరెంటు బిల్లు 318 యూనిట్లు వచ్చింది. ముగ్గురముండే ఇంటికి అంతెందుకో అర్థం కాలేదు. ఒకరోజు ఫ్రిజ్ ప్లగ్ పీకి, ఫ్యాన్లు, లైట్లు అన్నీ ఆపేసి మెట్ల కింద మీటర్ దగ్గర నిలబడ్డా. ఎర్ర లైటు మిణుక్కుమంటూనే ఉంది! మా మీటర్ మీద 3200 అని రాసుంది, అన్నిసార్లు మిణుక్కుమంటే ఒక యూనిట్ అని. ఫోన్‌లో టైమర్ పెట్టి లెక్కపెట్టా. నిమిషానికి ఐదు. ఏమీ వాడకుండానే 94 వాట్లు, నెలకు 67 యూనిట్లు పోతున్నాయని మా అమ్మాయి లెక్కకట్టింది.

దొంగ ఎవరంటే ఏడేళ్ల నాటి ఇన్వర్టర్ బ్యాటరీ. అది ఎప్పటికీ నిండదు, పగలూ రాత్రీ కరెంటు లాగుతూనే ఉంటుంది. మార్చేశాక నిమిషానికి ఒక్కసారే మిణుకు. 75 వాట్ల పాత ఫ్యాన్లు రెండు తీసి 30 వాట్లవి పెట్టించాం. ఈ మార్చిలో 236 వచ్చింది. మా పొదుపు సంఘంలో చెప్తే అందరూ చెవులప్పగించి విన్నారు. (పేరే పొదుపు సంఘం, కరెంటు సంగతి మాత్రం ఇన్నేళ్లూ ఎవరికీ గుర్తురాలేదు.)

ఇక అసలు విషయం. మా చెల్లెలిది బొగ్గు ప్లాంటు పక్క ఊరు. సంక్రాంతికి వెళ్లి, వడియాలు పెడదామని దాబా మీద చీర పరవబోతే ముందు నేల తుడవమంది. అంతా ప్లాంటు బూడిదే, తుడిచిన గుడ్డ నాలుగుసార్లు పిండినా నల్లనీళ్లే. అదే మా అమ్మాయికి చెప్తే అమెరికాలో ఇద్దరు తల్లుల కథ చెప్పింది. కాలిఫోర్నియాలో డయాబ్లో కాన్యన్ అనే అణు విద్యుత్ కేంద్రాన్ని మూసేస్తామంటే, అందులోనే పనిచేసే హెదర్ హాఫ్, క్రిస్టిన్ జైట్జ్ 2016లో మదర్స్ ఫర్ న్యూక్లియర్ అని సంఘం పెట్టారట. పిల్లల గాలి బాగుండాలంటే దీన్ని మూయొద్దని వాదించారు. 2022లో అక్కడి ప్రభుత్వం 2030 దాకా నడపడానికి వీలిస్తూ చట్టం చేసింది.

ఇది సంఘంలో చెప్పబోతే సగంమంది లేచిపోయారు. "చెర్నోబిల్ తెచ్చి మా నెత్తిన పెడతావా" అంది ఒకావిడ, 1986లో పేలిన అణు కేంద్రం పేరెత్తి. చెన్నై దగ్గర అణు కేంద్రమున్న కల్పాక్కంలో ఉండొచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే ఉన్నదున్నట్టు చెప్పండి. పొదుపు ఒక్కటే చాలదా?

కావలి వైర్‌మ్యాన్:

మేడమ్, మిణుకులు లెక్కపెట్టడం భలే పని. నేను వెళ్లిన పది ఇళ్లలో మూడింట్లో ఇదే బ్యాటరీ గొడవ. పొదుపు చాలదా అన్నారు గదా, తెల్లవారుజామున మూడింటికి మా వైపు రొయ్యల గుంటల దగ్గరకు రండి. ఆ వేళకే నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది. నీళ్లలోకి గాలి కలిపే ఏరియేటర్ ఆగిందంటే రొయ్య తేలిపోద్ది. అప్పుడు సోలార్ ఉండదు, మీరు మార్చిన ఫ్యాన్లూ ఆ లోటు తీర్చలేవు. రాత్రంతా ఆగకుండా వచ్చే కరెంటు ఎక్కడినుంచో రావాలి. ఇప్పటికి అది ఎక్కువగా బొగ్గే. మీ 82 యూనిట్లంటే నెలకు దాదాపు ఒక సిమెంటు బస్తా బరువు బొగ్గు కాలకుండా ఆపినట్టు. అది తక్కువేం కాదు.

కోవూరు ఆడపడుచు:

అక్కా, మా ఆయన ఉద్యోగరీత్యా కల్పాక్కం టౌన్‌షిప్‌లో తొమ్మిదేళ్లున్నాం. మా చిన్నోడు అక్కడే పుట్టాడు. అక్కడ ఎవరి నోట విన్నా రేడియేషన్ మాట కాదు, 2004 డిసెంబరు 26 మాటే. సునామీ నీళ్లు టౌన్‌షిప్‌లోకొచ్చి మనుషులు పోయారు. పంపుహౌస్‌లోకి సముద్రం నీరొస్తే నడుస్తున్న రియాక్టర్‌ను ఆపేశారు, అది క్షేమంగానే ఆగింది. కొన్ని రోజులకు మళ్లీ నడిపారు. భయం లేదని నేననను. మాక్‌డ్రిల్ సైరన్ మొదటిసారి విన్నప్పుడు పిల్లాణ్ణి ఎత్తుకుని బయటకు పరుగెత్తా, పక్కింటావిడ నవ్వింది. బట్టలు మాత్రం తొమ్మిదేళ్లూ దాబా మీదే ఆరేశా.

ఒంగోలు పంతులమ్మ:

ఆ అమెరికా తల్లుల జీతం ఆ ప్లాంటుదే కదమ్మా, అదీ చెప్పాలి. తమిళనాడులో కూడంకుళం అణు కేంద్రం పక్కన ఇడిందకరైలో నెలల తరబడి నిరాహార దీక్షల్లో కూర్చున్న జాలరి ఆడవాళ్లూ తల్లులే. శ్రీకాకుళంలో కొవ్వాడ దగ్గర ఆరు రియాక్టర్లంటున్నారు. ఊళ్లు ఖాళీ చేయాల్సినవాళ్లను అడిగారా? కడపలో తుమ్మలపల్లె యురేనియం గని పక్క రైతులు బోరునీళ్ల గురించి ఏమంటున్నారో విన్నారా? బూడిద కంటికి కనిపిస్తుంది కాబట్టి తుడిచారు. వాడేసిన ఇంధనాన్ని వేల ఏళ్లు కాపలా కాయాలి, దాన్ని ఏ గుడ్డతో తుడుస్తారు? మన దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించారంటే ఆ బాధ వాళ్ల ఇంట్లోది. ఇది అలాంటిది కాదు.

నెల్లూరు కుట్టుమిషన్:

పంతులమ్మగారూ, జీతం సంగతి నిజమే, అది దాచకుండా చెప్పాల్సింది. తుమ్మలపల్లె కూడా మా అమ్మాయి చెప్పలేదు, అడుగుతా. దూబగుంట దగ్గర మాత్రం మీతో ఒప్పుకోను. బూడిద మా చెల్లెలి ఇంట్లోదే. రాత్రయితే వాళ్ల అత్తకు దగ్గు. ఇన్నాళ్లూ ఆడవాళ్లం ఏదైనా మూయమనే రోడ్డెక్కాం. మూయొద్దనో, కట్టమనో అడిగితే మనల్ని ఎవరో పంపారనుకుంటారు. నాకు ఎక్కువ గుచ్చుకున్నది అదే.

కోవూరు చెల్లీ, నువ్వు ఒకసారి మా సంఘానికి వస్తావా? ఆ సైరన్ సంగతి కూడా చెప్పు, దాచొద్దు. పంతులమ్మగారు వస్తానంటే ఆవిడకూ కుర్చీ వేస్తా. నెలలో రెండో ఆదివారం మధ్యాహ్నం మూడింటికి కూర్చుంటాం.

వైర్‌మ్యాన్ తమ్ముడూ, 225 దాటిన యూనిట్లకు రేటెక్కువ. నేనింకా 11 తగ్గించాలి. టీవీ పక్కనున్న సెట్‌టాప్ బాక్స్ రాత్రంతా గోరువెచ్చగా ఉంటోంది. దాన్ని ప్లగ్ దగ్గరే ఆపేస్తే పొద్దున మళ్లీ ఛానళ్లన్నీ వెతుక్కోవాలా?

కావలి వైర్‌మ్యాన్:

అక్కర్లేదు మేడమ్. ఆన్ చేశాక రెండు నిమిషాలు ఆగండి, అదే వచ్చేస్తుంది.