‘నీతిమంతులముగా తీర్చబడి’: ఇది ఏ తీర్చుడు?

పానగల్లు కట్ట:
బైబిల్ల రోమా పత్రిక 5:1ల ఒక మాట అడుగుతున్న. "విశ్వాసమూలమున మనము నీతిమంతులముగా తీర్చబడి" అని పాత తెలుగు అనువాదంల ఉన్నది. నల్లగొండల దీన్ని రెండు తీర్ల చెప్తరు. కొందరు "తీర్పు తీర్చుడు, దేవుడు జడ్జి లెక్క కూసొని నువ్వు నీతిమంతుడివి అని చెప్పుడు" అంటరు. ఇంకొందరు "తీర్చిదిద్దుడు, మనిషిని లోపలి నుంచి మంచిగ చేసుడు" అంటరు. ఎవరి చర్చి ఏది అన్నది పక్కకు పెట్టి, తెలుగు మాట ఎటు మొగ్గుతదో ముందు చెప్పండ్రి.

పిల్లలమర్రి నీడ:
‘తీరు’కు ప్రేరణార్థకం ‘తీర్చు’. దీనికి రెండు పాయలున్నాయి. ఒకటి కొలిక్కి తేవడం: బాకీ తీర్చు, దప్పిక తీర్చు, తగవు తీర్చు, తీర్పు తీర్చు. రెండోది ఒక రూపానికి తేవడం: బారులు తీర్చు, ముగ్గు తీర్చు, కాటుక తీర్చు, తీర్చిదిద్దు.

ఏ పాయో పోల్చుకోవాలంటే తీర్చుకు ముందు ఏముందో చూడాలి. తీర్పు అయితే సాధారణంగా ‘అని’ వస్తుంది. సామెతలు 17:15లో "దుష్టులు నిర్దోషులని తీర్పు తీర్చువాడు" అని ఉంది చూడండి. రూపమిచ్చేదైతే ‘గా’ వస్తుంది: రాతిని బొమ్మగా తీర్చాడు. ఈ లెక్కన 5:1లోని ‘నీతిమంతులముగా’ రెండో పాయలోనే పడుతుంది.

అయితే ఇక్కడే చాలామంది జారిపడతారు. ‘గా’కు ఇంకో పని కూడా ఉంది, అది హోదా చెప్పడం. "సర్పంచిగా ఎన్నుకున్నారు", "నిర్దోషిగా ప్రకటించారు" అంటాం. ఎన్నికైన రోజు పొద్దున ఉన్న మనిషే సాయంత్రమూ ఉంటాడు, మారింది హోదా మాత్రమే. కాబట్టి ఒక్క ‘గా’ను పట్టుకుని ఎటూ తేల్చలేం.

మూసీ వార:
ఇంత పంచాయితి ఎందుకు సార్? ‘తేల్చు’ అంటే సరిపాయె. పేపర్ల రోజు చూస్తలేమా, "కోర్టు నిర్దోషిగా తేల్చింది" అని. "దేవుడు మనల్ని నీతిమంతులని తేల్చిండు" అంటే పాలమూరుల పొలం కాడ ఉన్నోనికి సుత అర్థమైతది. ఆ ‘బడి’ బాధ సుత పోతది, మన నోట్ల కర్మణి ఏడున్నది?

దేవరకొండ గుట్ట:
‘బడి’ గురించి అన్నది నిజమే. కానీ ‘తేల్చు’తో ఒక చిక్కుంది అన్నా. నీళ్లలో ఉన్నదే పైకి తేలుతుంది. నిర్దోషి అని తేల్చారంటే ఆ మనిషి ముందునుంచీ నిర్దోషే, విచారణలో అది బయటపడింది అని అర్థం. రోమా పత్రిక రాసిన పౌలు చెప్పేది దీనికి పూర్తిగా ఎదురు. రోమా 4:5లో దేవుడు "భక్తిహీనుని నీతిమంతునిగా తీర్చువాడు". అక్కడ తేలడానికి లోపల ఏమీ లేదు. ‘సంశయ లాభం’ కింద కేసు కొట్టేయడం కూడా కాదు, నేరం రుజువైన మనిషి గురించే ఆ మాట.

ఇక మొదటి ప్రశ్నకు. 5:1 ఒక్కటే పట్టుకుంటే తేలదు, మూడో అధ్యాయం తీయండి. 3:20లో "నీతిమంతుడని తీర్చబడడు". 3:24లో "ఉచితముగా నీతిమంతులని తీర్చబడుచున్నారు". నాలుగు వచనాలు దాటి 3:28కి వస్తే "నీతిమంతులుగా తీర్చబడుచున్నారని". గ్రీకులో మూడు చోట్లా ఒకటే క్రియ, ‘దికైయో’. అంటే పాత అనువాదకులు ‘అని’నీ ‘గా’నూ ఒకే అర్థంలో వాడారు. ‘అని’ ఉన్న చోట తీర్చిదిద్దడం కుదరదు కాబట్టి, వాళ్ల మనసులో ఉన్నది తీర్పే.

పిల్లలమర్రి నీడ:
3:20, 3:24 నా దృష్టికి రాలేదు. నా రెండో పేరాలో చెప్పిన మొగ్గు వెనక్కి తీసుకుంటున్నాను.

గద్వాల అంచు:
దేవరకొండ సార్, తెలుగు మటుకు మీరు చెప్పింది బాగుంది. కానీ రెండో అర్థం చెప్పేవాళ్లు తెలుగు రాక చెప్పట్లేదు, అది లాటిన్ నుంచి వచ్చిన దారి. లాటిన్ బైబిల్లో ఈ క్రియకు వాడిన ‘యూస్తిఫికారె’లో ‘చేయు’ అనే ధాతువే ఉంది. నీతిమంతుణ్ని చేయడం అని తొలినాటి సంఘ పండితుడు అగస్టీన్ అలాగే వివరించారు. క్యాథలిక్కుల ట్రెంట్ మహాసభ 1547 జనవరి 13న దీని మీద డిక్రీ ఇచ్చింది: ఇది పాపక్షమాపణ మాత్రమే కాదు, లోపలి మనిషి పవిత్రుడై కొత్తవాడు కావడం కూడా అని. 1976 నుంచి క్యాథలిక్ మేత్రాసనం (బిషప్ పీఠం) ఉన్న నల్లగొండలో ఈ వివరణ వినబడటంలో వింతేమీ లేదు.

"క్యాథలిక్కులు క్రియలతో సంపాదించుకోవాలంటారు" అని ఒక్క ముక్కలో కొట్టేసేవాళ్లు అదే డిక్రీ ఎనిమిదో అధ్యాయం చూడాలి. నీతిమత్వానికి ముందు వచ్చే విశ్వాసం గానీ క్రియలు గానీ ఆ కృపను సంపాదించలేవని అక్కడే ఉంది. అసలు తేడా ఆ నీతి ఎక్కడ ఉంటుందన్నది. క్రీస్తుదై ఉండి మన లెక్కలో రాయబడుతుందా, మనలోకి పోయబడుతుందా?

దేవరకొండ గుట్ట:
ఒప్పుకుంటాను అక్కా, ప్రశ్న అదే. గ్రీకు సంగతి కూడా చెప్తాను. ‘ఓ’తో ముగిసే ఇలాంటి క్రియలు చాలావాటికి ‘చేయు’ అనే అర్థం. ‘తుఫ్లో’ అంటే గుడ్డివాణ్ని చేయడం. కానీ గుణాన్ని, యోగ్యతను చెప్పే విశేషణం మీద వస్తే ‘ఎంచు’ అవుతుంది. ‘అక్సియో’ అంటే యోగ్యుడని ఎంచడం. ‘దికైయో’ ఈ రెండో జట్టుది.

నమ్మకం కుదరకపోతే లూకా 7:29 పెట్టి చూడండి. ప్రజలూ సుంకరులూ "దేవుడు న్యాయవంతుడని యొప్పుకొనిరి". అక్కడా అదే క్రియ. దేవుణ్ని మనుషులు తీర్చిదిద్దలేరు గదా.

పానగల్లు కట్ట:
ఇది మంచిగున్నది. మరి ‘విశ్వాసమూలమున’ సంగతేంది? ‘మూలం’ అంటే కారణం గద. నమ్మినందుకు కూలి ఇచ్చినట్టు వినబడుతది.

పిల్లలమర్రి నీడ:
సరైన చోట పట్టుకున్నారు. మూలమున, వలన, బట్టి అన్నీ హేతువు వైపే లాగుతాయి. ‘ద్వారా’ ఒక్కటే సాధనం చెబుతుంది. ఎఫెసీ 2:8లో "విశ్వాసముద్వారా కృపచేతనే" అని ఉంది. చేసేది కృప కనుక దానికి ‘చేత’, దారి విశ్వాసం కనుక దానికి ‘ద్వారా’. ఇంత పొందికగా విభక్తులు కుదిరిన వచనం తక్కువ. రోమా 3:30లో సున్నతి గలవారికి ‘విశ్వాస మూలముగాను’, లేనివారికి ‘విశ్వాసముద్వారాను’ అని పక్కపక్కనే ఉన్నాయి.

దేవరకొండ గుట్ట:
గ్రీకులో కూడా అక్కడ రెండు విభక్తి పదాలే, ‘ఎక్’, ‘దియా’. ‘దియా’ తర్వాత ద్వితీయ వస్తే ‘అందుకు గాను’ అని అర్థం. నీతిమత్వం చెప్పే చోట విశ్వాసానికి ఆ రూపం పౌలు ఎక్కడా వాడలేదు. కాబట్టి ‘నమ్మినందుకు’ అని చెప్తే తప్పు, ‘నమ్మిక ద్వారా’ అనాలి. లేకపోతే 4:4లో కొట్టేసిన "జీతము" దొడ్డిదారిన మళ్లీ లోపలికి వస్తుంది.

మూసీ వార:
అంటే కూలి పైసలు కాదు, చాపిన చెయ్యి. సరే. మరి సంస్కరణ మొదలువెట్టిన లూథర్ రోమా 3:28ల ‘మాత్రమే’ అని సొంతంగ కలిపిండు అంటరు గద, తెలుగుల అది ఉన్నదా?

దేవరకొండ గుట్ట:
1522 జర్మన్ కొత్త నిబంధనలో రోమా 3:28 దగ్గర ‘అల్లైన్’ అని చేర్చాడు. గ్రీకులో ఆ మాట లేదు. గొడవయితే 1530లో ఒక బహిరంగ లేఖ రాసి సమర్థించుకున్నాడు: జర్మన్ నుడికారంలో ఒకటి కాదని ఇంకొకటి ఔననేటప్పుడు ఆ మాట వచ్చి తీరుతుందని.

మన పాత అనువాదం అదే పని చడీచప్పుడు లేకుండా ఒక్క అక్షరంతో చేసింది: "విశ్వాసమువలననే". ఆ చివరి ‘ఏ’ చూడండి. దాని మీద ఇక్కడ ఎవరూ పోట్లాడినట్టు లేదు! "క్రియలు లేకుండ" అన్నాక తెలుగు చెవికి ‘వలన’ బోసిగా ఉంటుంది, ‘ఏ’ దానంతటదే వస్తుంది.

గద్వాల అంచు:
యాకోబు 2:24 కూడా పక్కన పెట్టండి సార్. గ్రీకులో నిజంగా ‘మాత్రమే’ ఉన్నది అక్కడే: "విశ్వాసమూలమున మాత్రము గాక క్రియల మూలమునను నీతిమంతుడని యెంచబడును". క్రియ మళ్లీ అదే ‘దికైయో’. అనువాదకులు ఇక్కడ ‘తీర్చబడును’ అనకుండా ‘యెంచబడును’ అన్నారు. పౌలుకు ఒక మాట, యాకోబుకు ఇంకో మాట ఇచ్చి తగాదా సర్దినట్టు నాకు కనిపిస్తుంది.

దేవరకొండ గుట్ట:
కావాలని సర్దారనలేం అక్కా. రోమా 2:13లో పౌలుకు కూడా "నీతిమంతులుగా ఎంచబడుదురు" అనే ఉంది. కాకపోతే దానివల్ల నష్టం మాత్రం జరిగింది. రోమా 4లో అబ్రాహాముకు "నీతిగా ఎంచబడెను" అన్నచోట గ్రీకు క్రియ వేరు, ‘లొగీజొమై’, పద్దులో రాయడం. తెలుగులో రెండూ ‘ఎంచు’ కిందికి వచ్చేశాయి. తెలుగు మటుకే చదివేవాళ్లకు యాకోబు, రోమా 4 ఒకే పదం మీద వాదించుకుంటున్నట్టు అనిపిస్తుంది. పాఠం చెప్పేవాళ్లు పెన్సిలుతో రోమా 4 ‘ఎంచు’ల కింద, అదే మాట ఎత్తి చెప్పిన యాకోబు 2:23 ‘ఎంచు’ కింద ఒక గీత, యాకోబు 2:24, 25 ‘ఎంచు’ల కింద రెండు గీతలు పెట్టుకుంటే సగం తికమక పోతుంది.

పానగల్లు కట్ట:
ఆఖరుకు ఒకటి. ఆ పద్దు సంగతినే ‘ఆరోపించబడిన నీతి’ అని రాస్తరు కొందరు. అక్టోబర్ 31 సంస్కరణ దినానికి బ్యానర్ మీద పెట్టొచ్చా?

పిల్లలమర్రి నీడ:
అలంకారశాస్త్రంలో అది మంచి మాటే. రూపకంలో ఉపమేయం మీద ఉపమానాన్ని ఆరోపిస్తాం. బజారులో మాత్రం ‘ఆరోపణ’ అంటే నింద. బ్యానర్ మీద "ఆరోపించబడిన నీతి" చూసినవాళ్లు ఎవరి మీద కేసు పెట్టారని అడుగుతారు. ‘ఆపాదించిన’ అన్నా అదే వాసన.

మూసీ వార:
‘జమ’ అని రాయండ్రి సార్. "క్రీస్తు నీతి మన పద్దుల జమ". షావుకారి లెక్క తెలిసినోళ్లు ఊరికి పదిమంది ఉంటరు.

గద్వాల అంచు:
నేనైతే ఆ బ్యానర్ కట్టను గానీ, మాట మాత్రం బాగుంది తమ్మీ. అక్టోబర్ 31 అంటున్నారు గదా, 1999లో లూథరన్లూ క్యాథలిక్కులూ దీని మీద ఆగ్స్‌బర్గ్‌లో ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేసిందీ ఆ తేదీనే.