డల్లాస్ లో ఏసీ పాడై, సీలింగ్ కారుతున్నా ఆఫీసు వాళ్లు పట్టించుకోవట్లేదు, రెంట్ ఆపేయొచ్చా?

కామెట్_కుర్రాడు:
అందరికీ నమస్తే. యూటీ డల్లాస్ లో మాస్టర్స్ చేస్తున్నా, క్యాంపస్ పక్కన మెకల్లం రోడ్డు మీద ఒక అపార్ట్‌మెంట్ లో టూ బెడ్‌రూమ్ తీసుకుని ఉంటున్నాం, లీజు మీద ముగ్గురి పేర్లే ఉన్నాయి కానీ ఉండేది నలుగురం (నాలుగోవాడు స్ప్రింగ్ లో వచ్చాడు, ఇంకా యాడ్ చేయించలేదు, దీని మీద మాత్రం క్లాస్ పీకకండి ప్లీజ్). జూన్ నుంచి ఏసీలో గాలి వస్తుంది కానీ చల్లదనం లేదు, మధ్యాహ్నం పూట హాల్లో థర్మోస్టాట్ 90 ఫారన్‌హీట్ దాటి చూపిస్తోంది. అపార్ట్‌మెంట్ వాళ్ల ఆన్‌లైన్ పోర్టల్ లో రిక్వెస్ట్ పెడితే ఒకాయన వచ్చి గ్యాస్ ఏదో నింపి వెళ్లాడు, కొన్నాళ్లు బాగుంది, మళ్లీ మామూలే. మళ్లీ పెడితే ఎవ్వరూ రాకుండానే 'కంప్లీటెడ్' అని క్లోజ్ చేసి పడేశారు. దానికి తోడు బాత్రూమ్ సీలింగ్ నుంచి నీళ్లు కారుతున్నాయి, పై ఫ్లోర్ వాళ్ల టబ్ నుంచి అనుకుంటున్నాం, ఆ మచ్చ నల్లగా పాకుతోంది, మా రూమ్మేట్ ఒకడికి ఆస్తమా, రాత్రంతా దగ్గుతూనే ఉంటాడు. ఆఫీసుకి వెళ్తే ముందు మేనేజర్ లేదంటారు, ఉన్న రోజున మీరు ఫిల్టర్ మార్చరు అందుకే ఇలా అంటుంది. నెలకి 1650 కడుతున్నాం, ఫస్ట్ వచ్చేస్తోంది, మావాళ్లు ఈసారి రెంట్ ఆపేద్దాం అంటున్నారు. ఆపొచ్చా? లేదా మేమే టెక్నీషియన్ ని పిలిపించుకుని ఆ డబ్బులు రెంట్ లో కట్ చేసుకోవచ్చా? ఇలాంటి గొడవల్లో దిగితే వీసాకి ఏమైనా అవుద్దా? తెలిసినవాళ్లు చెప్పండి.

బాలానగర్_బ్రో:
ఆపేయ్ బ్రో, ఆలోచన ఎందుకు. పైసలు ఆగితే గానీ వాళ్లకు సోయి రాదు. న్యూజెర్సీల మా కజిన్ వాళ్లు గట్లనే ఆపిన్రు, వారం తిరగకముందే హీటర్ కొత్తది పెట్టిన్రు.

రిచర్డ్‌సన్_అక్క:
తమ్ముడూ రెంట్ మాత్రం ఆపొద్దు. న్యూజెర్సీ సంగతి వేరు, అక్కడ ఇల్లు ఉండటానికి పనికిరాకపోతే రెంట్ తగ్గించుకునే దారి కోర్టులు ఎప్పుడో ఇచ్చాయి. ఒక్కో స్టేట్ ది ఒక్కో లా, కజిన్ ఎక్కడున్నాడో చూసి సలహాలు తీసుకుంటే మునిగిపోతారు. టెక్సస్ లో రిపేర్ల సంగతంతా ప్రాపర్టీ కోడ్ 92వ చాప్టర్ లో ఉంటుంది, ముఖ్యంగా 92.056. అందులో మొట్టమొదటి మెలిక ఏంటంటే నువ్వు రిపేర్ నోటీస్ ఇచ్చే రోజుకి రెంట్ బాకీ ఉండకూడదు. బాకీ ఉంటే ఓనర్ కి ఆ సెక్షన్ కింద రిపేర్ చేయాల్సిన బాధ్యతే రాదు. అంటే రెంట్ ఆపడం వల్ల మీకున్న ఒకే ఒక్క ఆయుధాన్ని మీరే తీసుకెళ్లి వాళ్ల చేతిలో పెట్టినట్టు. ఇంకోటి, మీరు ముగ్గురూ కలిసి ఒకే లీజు మీద సంతకం పెట్టారు కదా, అలాంటి లీజుల్లో మామూలుగా రెంట్ మొత్తానికి అందరూ బాధ్యులే, ఒక్కడి వాటా లేటైనా మొత్తం లేట్ కిందే లెక్క. "నేను నాది కట్టాను" అంటే ఎవరూ వినరు. ఆ పైన నోటీస్ టు వెకేట్ (ఖాళీ చేయమనే నోటీస్) ఇచ్చి ఎవిక్షన్ (ఖాళీ చేయించే కోర్టు కేసు) ఫైల్ చేశారనుకో, కేసు మీరే గెలిచినా ఆ ఫైలింగ్ కొత్త ఓనర్లు చూసే స్క్రీనింగ్ రిపోర్టుల్లో కనపడుతుంది, తర్వాత ఉద్యోగం వచ్చి ఫ్రిస్కోలోనో ప్లేనోలోనో ఇల్లు చూసుకునేటప్పుడు అప్లికేషన్ రిజెక్ట్ అవుతూ ఉంటుంది.

ఇప్పుడు చేయాల్సింది చెప్తా. పోర్టల్ టికెట్ ని నమ్ముకోవద్దు, అవి స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకో చాలు. అసలు నోటీస్ కాగితం మీద రాసి సర్టిఫైడ్ మెయిల్ లో రిటర్న్ రిసీట్ తో పంపు, యూఎస్‌పీఎస్ (ప్రభుత్వ పోస్టాఫీసు) లో గానీ ప్రైవేట్ కొరియర్ లో గానీ డెలివరీ ట్రాక్ అయ్యేది ఏదైనా పర్లేదు. ఎందుకంటే మామూలుగా చెప్తే, అంటే నోటితోనో పోర్టల్ లోనో చెప్తే, కొంత టైమ్ ఇచ్చి మళ్లీ రెండోసారి రాతపూర్వకంగా నోటీస్ ఇవ్వాలి. ట్రాక్ అయ్యే మెయిల్ లో పంపితే ఆ ఒక్క నోటీసే చాలు. లెటర్ మీరు రెంట్ ఎవరికి, ఎక్కడ కడతారో ఆ అడ్రస్ కి వెళ్లాలి, ఆన్‌లైన్ లో కడుతుంటే లీజులో నోటీసులకి ఇచ్చిన అడ్రస్ చూడు. అది అందాక 7 రోజులు సరిపోయే టైమ్ అని లా అనుకుంటుంది, ఏసీ లాంటి వాటిలో ఇంకా తక్కువే సరిపోతుందని వాదించొచ్చు, పార్ట్ దొరకట్లేదు లాంటి నిజమైన కారణం ఉంటే ఎక్కువ కూడా అవ్వొచ్చు.

బాలానగర్_బ్రో:
సరే అక్కా, మరి వాళ్లే మనిషిని పిలిచి చేయించుకుని కట్ చేసుకోవచ్చా లేదా, గది చెప్పు. 1650 ల నుంచి కట్ అయితే వాళ్లే దిగొస్తరు.

రిచర్డ్‌సన్_అక్క:
చేసుకోవచ్చు కానీ ఏసీ విషయంలో ఒక మెట్టు ఎక్కువ ఉంది, చాలామంది అక్కడే దెబ్బతింటారు. 92.0561 అని రిపేర్ అండ్ డిడక్ట్ సెక్షన్. ఇంట్లో డ్రైనేజీ పొంగినా, పైప్ పగిలి నీళ్లు నిండినా ఆ నోటీస్ ఇచ్చేసి వెంటనే చేయించుకోవచ్చు. తాగే నీళ్లు పూర్తిగా ఆగిపోతే 3 రోజులు ఆగాలి. ఏసీకి, హీటర్ కి అయితే ముందు సిటీ ఇన్‌స్పెక్టర్ లాంటి అధికారి 'ఇది ఆరోగ్యానికి, భద్రతకి దెబ్బ' అని ఓనర్ కి రాసి ఇచ్చి ఉండాలి, దాంతో పాటు మీ నోటీస్, దాని మీద 3 రోజులు. మిగతా చాలా వాటికి, మీ సీలింగ్ లీక్ లాంటి దానికి కూడా, ఇన్‌స్పెక్టర్ కాగితమే కావాలి, 7 రోజులు ఆగాలి. కట్ చేసుకునేది కూడా ఒక నెల రెంట్ లేదా 500 డాలర్లు, రెంటిలో ఏది ఎక్కువైతే అది దాటకూడదు, మీకైతే నెలకి 1650 వరకు. కంప్రెసర్ పోయిందంటే ఆ డబ్బు సరిపోదేమో కూడా చూసుకోండి. ఇంకో సంగతి, మీరో మీ ఇంటివాళ్లో చేసిన పనికి కట్ చేసుకోవడం కుదరదు. మెకానికల్ చదివిన రూమ్మేట్ ఉన్నాడు కదా అని ఔట్‌డోర్ యూనిట్ విప్పకండి దయచేసి. లైసెన్స్ ఉన్న కంపెనీని పిలవండి.

ఆ ఇన్‌స్పెక్టర్ ఎక్కడ దొరుకుతాడంటే 311, సిటీకి కంప్లైంట్లు ఇచ్చే ఫోన్ నంబర్. మెకల్లం ఏరియా క్యాంపస్ పక్కనే ఉన్నా, క్యాంపస్ రిచర్డ్‌సన్ అయినా, ఆ అపార్ట్‌మెంట్లు చాలావరకు డల్లాస్ సిటీ కిందకి వస్తాయి, మీ లీజు మీద అడ్రస్ చూసి కన్ఫర్మ్ చేసుకోండి. డల్లాస్ సిటీ కోడ్ లో ఏసీ తప్పనిసరి, గదిలో 85 డిగ్రీలు దాటనివ్వకూడదు. 90 దాటుతోందంటే మీ దగ్గర గట్టి పాయింట్ ఉన్నట్టే. 311 కి ఫోన్ చేసి కోడ్ కంప్లయన్స్ (సిటీ రూల్స్ అమలు చూసే విభాగం) అని చెప్పి కంప్లైంట్ నంబర్ రాసుకోండి. ఇది ఊరికే కంప్లైంట్ అనుకోకండి, ఆ ఇన్‌స్పెక్టర్ ఓనర్ కి పంపే కాగితం మీద ఆధారపడే మీ తర్వాత అడుగులన్నీ ఉంటాయి.

ప్లేనో_బావగారు:
అక్కయ్య గారు చెప్పింది కరెక్టండి. దానికి నాదొకటి కలుపుతా, జేపీ కోర్టు, అంటే చిన్న కేసులు చూసే జస్టిస్ కోర్టు గురించి. మా ఫ్రెండ్ కి ఇలాగే గోడల్లోంచి నీళ్లొస్తుంటే రిపేర్ అండ్ రెమెడీ (రిపేర్ చేయించమని వేసే కేసు) అని జస్టిస్ కోర్టులో వేశాడండి, నేను తోడు వెళ్లా. లాయర్ అక్కర్లేదు, ఫారం నింపి ఇవ్వడమే, ఫీజు కట్టలేకపోతే ఆ సంగతి రాసిచ్చి మినహాయింపు అడగొచ్చు. పిటిషన్ వేసిన 10వ రోజు నుంచి 21వ రోజు లోపల విచారణ డేట్ ఇస్తారు, మన దగ్గర సివిల్ కేసులు చూసిన కళ్లకి అది నమ్మబుద్ధి కాదు. జడ్జి గారు రిపేర్ చేయమని ఆర్డర్ ఇవ్వొచ్చు, మొదటి నోటీస్ రోజు నుంచి రెంట్ తగ్గించొచ్చు, పైన ఒక నెల రెంట్ ప్లస్ 500 డాలర్లు పెనాల్టీ, మీకు జరిగిన నష్టం, కోర్టు ఖర్చులు కూడా ఇప్పించొచ్చు, కోర్టు ఖర్చులు కాకుండా మొత్తం మీద 20,000 డాలర్ల దాకా. ఇల్లు ఉన్న ప్రీసింక్ట్ (కౌంటీలో ఆ కోర్టు పరిధి) లోనే వేయాలండి. మెకల్లం డల్లాస్ సిటీ అయినా కొంత భాగం కాలిన్ కౌంటీలో పడుతుంది, తెలియక డల్లాస్ కౌంటీ కోర్టుకెళ్లి తిరిగొచ్చినవాళ్లున్నారు, కాబట్టి కౌంటీ వెబ్‌సైట్ లో అడ్రస్ కొట్టి చూసుకోండి. అక్కడ జడ్జి గారు అడిగేవి పెద్ద లా పాయింట్లేం కాదండి, లెటర్ ఎప్పుడు పంపావు, రిసీట్ ఏది, రెంట్ టైమ్ కి కట్టావా, ఫోటోలున్నాయా. అంతే. ఓనర్ తరఫు మేనేజర్ ఫిల్టర్ పాట పాడింది, మావాడు డేట్ తో తీసిన కొత్త ఫిల్టర్ ఫోటో, కొన్న బిల్లు చూపించాడు, ఆవిడ ఇంక మాట్లాడలేదు.

కామెట్_కుర్రాడు:
థాంక్యూ అక్కా, థాంక్యూ అన్నా. ఫిల్టర్ పోయిన నెల మార్చాం, బిల్లు వాల్‌మార్ట్ యాప్ లో ఉంది. ఇంకో రెండు డౌట్లు. కోర్టు కేసు అంటే ఇంట్లో అమ్మావాళ్లు భయపడుతున్నారు, ఎఫ్-1 స్టూడెంట్ వీసాకి ఇబ్బంది అవ్వదా? ఇంకా నాలుగోవాడి సంగతి, ఇన్‌స్పెక్టర్ వస్తే వాణ్ని ఎక్కడికైనా పంపేయాలా?

రిచర్డ్‌సన్_అక్క:
రిపేర్ కోసం నువ్వు వేసేది సివిల్ కేసు, దాని వల్ల వీసా స్టేటస్ పోదు. అమ్మకి 'కోర్టు' అని కాకుండా 'కంప్లైంట్ ఇచ్చాం' అని చెప్పు. వీసా పరంగా నువ్వు చూసుకోవాల్సింది ఒక్కటే, ఇల్లు మారితే 10 రోజుల్లో కొత్త అడ్రస్ యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసులో అప్‌డేట్ చేయాలి, ఇల్లు మారే హడావిడిలో మర్చిపోయేది అదే.

నాలుగోవాడి విషయం మాత్రం సీరియస్. క్లాస్ పీకొద్దన్నావు కాబట్టి పీకను, కానీ విను. నువ్వు రిపేర్ అడిగినందుకు, సిటీకి కంప్లైంట్ ఇచ్చినందుకు ఓనర్ కక్ష కట్టి 6 నెలల లోపు రెంట్ పెంచడం, ఖాళీ చేయించడం, సర్వీసులు తగ్గించడం చేయకూడదని 92.331 లో ఉంది. అయితే రెంట్ బాకీ ఉన్నా, లీజుని గట్టిగా ఉల్లంఘించినా ఆ రక్షణ నిలబడదు. లీజులో లేని మనిషి నెలలుగా ఉంటున్నాడంటే వాళ్ల లాయర్ మొదట పట్టుకునేది దాన్నే. ఇన్‌స్పెక్టర్ ఏసీ చూడ్డానికొస్తాడు, లీజు చూడ్డానికి కాదు, ఆయన ముందు నాటకాలు అక్కర్లేదు. లెటర్ పంపే ముందే వాణ్ని ఆక్యుపెంట్ (ఇంట్లో ఉండే మనిషి) గా యాడ్ చేయమని ఆఫీసులో అప్లికేషన్ పెట్టండి, ఫీజు అడుగుతారు, కట్టేయండి. వాళ్లు కాదంటే వాడు వేరే చూసుకోవాలి, అది మీ నలుగురూ కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం.

బాలానగర్_బ్రో:
అసలు ఖాళీ చేసి పోతే అయిపోదా అక్కా, గీ లొల్లి అంతా ఎందుకు. మెకల్లం మీద ఇండ్లకు కరువా.

ప్లేనో_బావగారు:
ఊరికే తాళాలు ఇచ్చేసి పోతే రీలెట్టింగ్ ఫీజు (లీజు మధ్యలో వదిలేస్తే వేసే ఫీజు), మిగిలిన నెలల రెంట్ మీద పడతాయండి. చాలా టెక్సస్ లీజుల్లో ఆ ఫీజే నెల రెంట్ లో 85 శాతం ఉంటుంది. అదే పద్ధతిగా నోటీస్ ఇచ్చి, టైమ్ ఇచ్చి, అయినా చేయకపోతే అప్పుడు 92.056 కింద లీజు రద్దు చేసుకోవచ్చు, వెళ్లిన రోజు నుంచి మిగిలిన రెంట్ వెనక్కి వస్తుంది, డిపాజిట్ కూడా. కానీ రద్దు చేసుకున్నాక రిపేర్ ఆర్డర్లు, కట్ చేసుకోవడాలు ఉండవు, ఏదో ఒకటి ఎంచుకోవాలి. వెళ్లేటప్పుడు కొత్త అడ్రస్ రాతపూర్వకంగా ఇవ్వాలండి, ఇచ్చాకే డిపాజిట్ 30 రోజుల్లో పంపాల్సిన బాధ్యత వాళ్ల మీద పడుతుంది. మనవాళ్లు చాలామంది వాట్సాప్ లో చెప్పేసి ఎదురుచూస్తూ కూర్చుంటారు.

కామెట్_కుర్రాడు:
ఓకే. రెంట్ కట్టేస్తున్నాం, మావాళ్లని ఒప్పించా. ఈరోజే నాలుగోవాడి అప్లికేషన్ పెట్టి, 311 కి కాల్ చేస్తా. లెటర్ ఎలా రాయాలో శాంపిల్ ఉంటే ఎవరైనా పెట్టండి.

రిచర్డ్‌సన్_అక్క:
టెక్సస్ లా హెల్ప్ వెబ్‌సైట్ లో రిపేర్ లెటర్ ఫారం ఫ్రీగా ఉంది, ఖాళీలు నింపుకుంటే చాలు. ఏసీ, సీలింగ్ లీక్ రెండూ ఒకే లెటర్ లో రాయి, లేకపోతే లీక్ కి మళ్లీ మొదట్నుంచి లెక్కపెట్టాలి. రూమ్మేట్ ఆస్తమా సంగతి రాయి, వాడికి ఓకే అయితేనే. థర్మోస్టాట్ ఫోటోలు పక్కన ఫోన్ లో టైమ్ కనపడేలా తీసి కాపీలు జత చెయ్యి, ఒరిజినల్స్ నీ దగ్గరే. ముగ్గురూ సంతకం పెట్టండి. డీన్ ఆఫ్ స్టూడెంట్స్ ఆఫీసులో స్టూడెంట్స్ కి లీగల్ హెల్ప్ ఏదైనా ఉందేమో కూడా అడుగు, పంపే ముందు ఒకరు చదివితే మంచిది. ఈలోపు ఆ దగ్గేవాణ్ని ఆ బాత్రూమ్ పక్క గదిలోంచి హాల్లోకి మార్చండి.