2014 బీఎండబ్ల్యూ 320డి సెకండ్ హ్యాండ్: ఏ రిపేర్లు వస్తాయి, ఎంత పక్కన పెట్టుకోవాలి?

గుంటూరు_వీల్స్:
అందరికీ నమస్కారం. విజయవాడలో ఒక డీలర్ దగ్గర 2014 మోడల్ 320డి (ఎఫ్30 అనే తరం) చూశాను. ఢిల్లీ రిజిస్ట్రేషన్, ఇద్దరు ఓనర్లు, మీటరు 86,000 చూపిస్తోంది, 9.8 లక్షలు చెప్తున్నారు. కొన్నాక మొదటి ఏడాది రిపేర్లకు 2 లక్షలు పెట్టగలను, అది సరిపోతుందా? ముందుగా ఏవేవి చూడాలో చెప్పండి.

డీజిల్_శీను:
ముందు ఇంజిన్ ఏదో తేల్చుకోండి. 2014 అంటే ఎన్47 అనే ఇంజిన్, 184 హార్స్‌పవర్. మన దగ్గర 2016లో వచ్చిన ఫేస్‌లిఫ్ట్‌లో (కొద్ది మార్పులతో వచ్చిన మోడల్) బీ47 ఇంజిన్ ఉంటుంది, అది 190. బ్లాక్ మీద కొట్టిన నంబరులో ఎన్47డీ20 అని కనిపిస్తుంది.

ఎన్47తో అసలు భయం టైమింగ్ చెయినే, అంటే పిస్టన్లు, వాల్వులు ఒకే లయలో కదిలేలా చేసే గొలుసు. మామూలు ఇంజిన్లకు చెయిన్ ముందు వైపు ఉంటుంది, దీనికి వెనక, గేర్‌బాక్స్ పక్కన పెట్టారు. చెయిన్ సాగినా, దాన్ని దారిలో ఉంచే ప్లాస్టిక్ గైడ్లు విరిగినా గేర్‌బాక్స్ దించాలి, లేదా ఇంజినే బయటికి తీయాలి. తెగితే పిస్టన్లు వాల్వులను కొడతాయి, ఇక ఆ ఇంజిన్ బాగుచేయించేకన్నా ఇంకోటి కొనుక్కోవడమే మేలు అవుతుంది. 2011 ముందు ఇంజిన్లలో ఈ గొడవ ఎక్కువ, తర్వాతవి కొంత నయం. కానీ ఆయిల్ ఆలస్యంగా మార్చిన బండి ఏ ఏడాదిదైనా నమ్మకూడదు.

పొద్దున్నే చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయించండి. డీలర్ ముందే వేడి చేసి ఉంచితే ఆ రోజు చూడకుండా వచ్చేయండి. బానెట్ తీసి ఇంజిన్ వెనక, క్యాబిన్ గోడ వైపు చెవి పెట్టి, 1,500 నుంచి 2,000 ఆర్‌పీఎం మధ్య నిలిపి వినండి. ఇనుము గీరుతున్నట్టు సన్నటి శబ్దం వస్తే చెయినే అనుకోండి. ఆయిల్ ఫిల్టర్ విప్పనిస్తే మడతల్లో ప్లాస్టిక్ తునకలు ఉన్నాయేమో చూడండి.

పై చెయిన్, కింది చెయిన్, ఆయిల్ పంపు చెయిన్, గైడ్లు, టెన్షనర్లు (చెయిన్‌ను బిగువుగా ఉంచేవి) అన్నీ కలిపి మార్చాలి. బయటి గ్యారేజీలో లేబర్‌తో సుమారు 1.5 నుంచి 2.5 లక్షలు. అంటే మీ 2 లక్షలు ఈ ఒక్క పనికే చాలకపోవచ్చు.

కూకట్‌పల్లి_గేర్:
చెయిన్ సంగతి శీను గారు చెప్పారు, నేను మిగతావి చెప్తాను. రేట్లన్నీ బయటి గ్యారేజీ లెక్క, సుమారుగా.

గేర్‌బాక్స్ జెడ్ఎఫ్ 8 స్పీడ్. చాలా గట్టిది, అయినా "లైఫ్‌టైమ్ ఆయిల్" మాట నమ్మి వదిలేస్తే పాడవుతుంది. తయారు చేసిన జెడ్ఎఫ్ కంపెనీయే 80,000 నుంచి 1,20,000 కి.మీ. మధ్య మార్చమంటుంది. ఫిల్టర్ ప్లాస్టిక్ పాన్‌లోనే (అడుగున ఆయిల్ నిలిచే గిన్నె) కలిసి ఉంటుంది కాబట్టి పాన్ మొత్తం మార్చాలి, బోల్టులు కూడా కొత్తవే వేయాలి. లెవెల్ చూసేది ఇంజిన్ ఆన్‌లో ఉంచి, ఆయిల్ 30 నుంచి 50 డిగ్రీల మధ్య ఉన్నప్పుడే. చల్లటి ఇంజిన్ ఆపేసి నింపేసే మెకానిక్ దగ్గరికి వెళ్లొద్దు. ఖర్చు 35 నుంచి 50 వేలు. వైరింగ్ కనెక్టర్ దగ్గరి స్లీవ్ సీల్ కారుతుంటే పాన్ దించినప్పుడే అదీ వేయించండి.

ఈజీఆర్ కూలర్‌ను (ఇంజిన్‌లోకి తిరిగి పంపే పొగను చల్లబరిచేది) తేలిగ్గా తీసుకోకండి. లోపల కూలెంట్ కారి మసితో కలిస్తే నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది. దీనికోసమే బీఎండబ్ల్యూ 2018లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 16 లక్షల డీజిల్ కార్లను వెనక్కి పిలిచింది. ఛాసిస్ నంబరుతో సర్వీస్ సెంటర్‌లో అడిగితే మీ బండికి రీకాల్ ఉందో, ఉంటే చేశారో లేదో చెప్తారు. కింద ఎక్కడా తడి లేకుండా కూలెంట్ తగ్గుతుంటే అనుమానించాలి.

థర్మోస్టాట్ (ఇంజిన్ వేడిని బట్టి కూలెంట్ దారి తెరిచే వాల్వు) తెరుచుకుని ఉండిపోతే ఇంజిన్ సరిగా వేడెక్కదు, మైలేజీ పడిపోతుంది, మసి ఎక్కువ పడుతుంది. ఓబీడీ స్కానర్ (బండి కంప్యూటర్ సమాచారం చదివే పరికరం) పెట్టి హైవే మీద నడిపితే 85 నుంచి 90 డిగ్రీల దాకా రావాలి. 70 దగ్గరే ఆగిపోతే మార్చాల్సిందే, 12 నుంచి 20 వేలు.

80–100 స్పీడులో బ్రేక్ వేస్తే స్టీరింగ్ వణుకుతోందంటే డిస్కులు మార్చేముందు ఫ్రంట్ ఆర్మ్ బుష్‌లు (ముందు సస్పెన్షన్‌లోని రబ్బరు దిండ్లు) చూడండి. వాటిలో ఆయిల్ ఉంటుంది, చిట్లితే కారి మరక కనిపిస్తుంది. రెండు వైపులా 25 నుంచి 40 వేలు. బోల్టు చివరి బిగింపు బండి చక్రాల మీద నిలబడి ఉన్నప్పుడే చేయాలి. లిఫ్ట్ మీద వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది. మన గ్యారేజీల్లో ఎక్కువగా జరిగే తప్పు ఇదే.

బ్యాటరీ డిక్కీలో ఉంటుంది, ఏజీఎం రకం (స్టార్ట్-స్టాప్ బండ్లకు వాడే మూసిన బ్యాటరీ), 25 నుంచి 35 వేలు. కొత్తది వేశాక స్కానర్‌తో రిజిస్టర్ చేయకపోతే, బండి అది పాత బ్యాటరీ అనుకునే ఛార్జ్ చేస్తుంది. రన్‌ఫ్లాట్ టైర్లు (పంక్చరైనా కొంత దూరం నడిచేవి) ఒక్కోటి 15 నుంచి 22 వేలు.

గుంటూరు_వీల్స్:
చాలా థ్యాంక్స్ అండి. సర్వీస్ రికార్డు అడిగితే 62,000 దగ్గర ఒకటి, 81,000 దగ్గర ఒకటి బిల్లులు చూపించారు. మధ్యలో ఆయిల్ మార్చారో లేదో తెలియదంటున్నారు.

డీజిల్_శీను:
19,000 కి.మీ. ఒకే ఆయిల్ మీద నడిచినట్టే లెక్క వేసుకోండి. దీనికి లాంగ్‌లైఫ్-04 (బీఎండబ్ల్యూ ఆమోద ముద్ర) ఉన్న 5డబ్ల్యూ-30 ఆయిల్ 5.2 లీటర్లు పడుతుంది, మన ట్రాఫిక్‌లో 10,000కి ఒకసారి మార్చాలి. చెయిన్ ఖర్చు ధరలోంచి తగ్గిస్తేనే మాట్లాడండి.

86,000 కూడా నిజమేనా అన్నది చూడాలి. బీఎండబ్ల్యూ డయాగ్నస్టిక్ సాఫ్ట్‌వేర్ ఉన్న గ్యారేజీలో ఫాల్ట్ మెమరీ (బండి కంప్యూటర్ దాచుకున్న లోపాల జాబితా) తీయించండి. ప్రతి ఫాల్ట్ పక్కన అది వచ్చినప్పటి కిలోమీటర్లు ఉంటాయి. అక్కడ 1,30,000 అని కనిపిస్తే అక్కడితో ఆపేయండి.

బెజవాడ_ఆర్‌సీ:
ఇంకో రెండు మాటలు. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్ల మీద ఆంక్షలు పెట్టినప్పటి నుంచి ఇవి చవగ్గా వస్తున్నాయి. ఎన్ఓసీ (బండిని వేరే రాష్ట్రానికి మార్చడానికి అభ్యంతరం లేదని ఆర్టీఓ ఇచ్చే పత్రం) చేతికి రాకుండా అడ్వాన్స్ కూడా ఇవ్వకండి. ఇక్కడ మళ్లీ రిజిస్టర్ చేయిస్తే లైఫ్ ట్యాక్స్ కట్టాలి. అది మీరు కొన్న ధర మీద కాదు, బండి కొత్తప్పటి ధర, వయసు చూసి వేస్తారు. ఎంతో ముందే ఆర్టీఓ ఆఫీసులో కనుక్కుని 9.8కి కలపండి.

రెండోది నీళ్లు. 2023 జులైలో ఢిల్లీలో యమున, 2024 సెప్టెంబరులో ఇక్కడ బుడమేరు పొంగాయి. సీటు బెల్టు చివరిదాకా లాగి బురద గీత ఉందేమో చూడండి. సీటు పట్టాల మీద తుప్పు, డిక్కీలో బ్యాటరీ గుంట అడుగు, కార్పెట్ కింద ఫోమ్ కూడా తడిమి చూడండి. కనెక్టర్లలో పచ్చటి చిలుము కనిపిస్తే ధర ఎంత తగ్గించినా ఆ బండి వద్దు.


కూకట్‌పల్లి_గేర్:
చెయిన్ శబ్దం లేకుండా, కిలోమీటర్లు నిజమై, 8 లక్షల లోపు వస్తే తీసుకోవచ్చు. అప్పుడు కూడా కొన్న వారంలోనే ఇంజిన్ ఆయిల్, గేర్‌బాక్స్ ఆయిల్ మార్పించండి, చెయిన్ కోసం 2.5 లక్షలు విడిగా ఉంచండి. ఇంకో 3, 4 లక్షలు పెట్టగలిగితే 2016 తర్వాతి బీ47 చూడండి. దానికీ చెయిన్ వెనకే, కానీ ఎన్47తో పోలిస్తే ఫిర్యాదులు తక్కువ.