అషురే తినడానికి వెళ్లేవాడి చెంచా: తషర్ అనా, తషిర్ అనా?

టర్కిష్ చదివినవాళ్లు ఒక్క అక్షరం తేల్చి పెట్టండి. "అషురే యెమెయె గిదెన్ కషీని..." అనే సామెత పొద్దున్నుంచి నోట్లో ఆడుతోంది. చివరిది తషర్ అనా, తషిర్ అనా? అషురే అనే పాయసం తినడానికి వెళ్లేవాడు తన చెంచాను ఏం చేస్తాడు?

—
తషరే. పొంగి పొర్లడం. ఉడికిన గోధుమ, సెనగలు, తెల్ల చిక్కుడు గింజలు, ఎండు ఆప్రికాట్లు, అంజీర్, కిస్‌మిస్ అన్నీ కలిసిన పాయసం, పైన వాల్‌నట్లు, దానిమ్మ గింజలు. చెంచా పొర్లకుండా ఎలా ఉంటుంది?

—
కుదరదు తమ్ముడూ. "కషీ" (తన చెంచా) అని ఉంటే తషర్ వస్తుంది. "కషీని" (తన చెంచాను) అన్నాక సకర్మక క్రియే రావాలి. తషిర్ అంటే మోస్తాడు, వెంట పట్టుకెళ్తాడు. చూడండి, అచ్చం మన "ని"!

—
మన "ని" కాదండీ. అక్కడ ద్వితీయా విభక్తి ఆ చివరి అచ్చు ఒక్కటే. నకారం రెండు అచ్చుల మధ్య వచ్చే ఆగమం. మన నుగాగమంతో పోల్చండి, ఒప్పుకుంటాను.

—
తషిర్ అనే అనుకుందాం. లాభం కావాలనుకునేవాడు దానికి కావలసిన పనిముట్టు తనే తెచ్చుకోవాలని చెబుతారు. నాకు "గిదెన్" మీదే అనుమానం. టర్కీలో అషురే గిన్నెల్లో పొరుగిళ్లకు తనే నడిచి వస్తుంది. ఇక తినడానికి "వెళ్లేవాడు" ఎవడు?

—
దర్వేషుల, అంటే సూఫీ ఫకీర్ల, మఠాలకు వెళ్లేవాడు. వాళ్లలో బెక్తాషీలు పెద్ద కాగుల్లో వండి వచ్చినవాళ్లందరికీ పెట్టేవారు. అలీని కొలిచే టర్కీ ముస్లింలు అలెవీలు ముహర్రంలో 12 రోజులు ఉపవాసం ఉండి, 12 దినుసులతో వండుతారు. కర్బలా యుద్ధంలో ఇమాం హుసేన్ కొడుకు ఇమాం జైనుల్ ఆబిదీన్ బతికి బయటపడ్డందుకు కృతజ్ఞత అది. అందుకే దుఃఖపు నెలలో తీపి. నూహు ప్రవక్త ఓడ ఒడ్డుకు చేరినప్పుడు మిగిలిన గింజలన్నీ కలిపి వండారన్న కథ ఒక్కటే చెప్పి వదిలేస్తే సగమే చెప్పినట్టు.

—
హైదరాబాదువాళ్లం ఈ మాటను వదులుకోలేం. అషురే పేరు ఆషూరా నుంచే వచ్చింది, అంటే ముహర్రం పదో రోజు. పాతబస్తీలోని ముహర్రం సంతాప మందిరం బాద్‌షాహీ ఆషూర్‌ఖానా పేరులో ఉన్నదీ అదే మాట. దయచేసి "శ" రాయకండి, "ష". కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్ షా పేరులోని "కులీ" కూడా టర్కిక్ మాటే, దాసుడని. కుతుబ్ షాహీల మూలపురుషులు తుర్కమాన్లు కదా. వసంతం మీద, వానల మీద, పండుగల మీద ఆయన దక్కనీలో రాసిన కవితలు చదవండి. రాజు రాసినట్టు ఉండవు, వీధిలో తిరిగినవాడు రాసినట్టు ఉంటాయి.

—
ఆయన మర్సియాలు, అంటే కర్బలా శోకగీతాలు, కూడా మంచివే. కానీ కర్బలా అంటే నాకు తుర్కీ కవి ఫుజూలీ తర్వాతే ఎవరైనా. 1556లో కర్బలాలోనే కన్నుమూశాడు, మీ కులీ పుట్టకముందే. అలెవీలు తమ ఏడుగురు మహాకవుల్లో లెక్కిస్తారు.

—
ముందు, తర్వాత కాదండీ కొలత. ఫుజూలీది పండిత శోకం. కులీ గొంతులో మన ఊరి మాట వినిపిస్తుంది.

—
నా తషర్ సంగతి?

—
"కషీని" అని మీకు గట్టిగా గుర్తుందా, "కషీ" అనా? అది చెప్పండి ముందు.

—
అసలు "యెమెయె" అని రాశారేమిటి? నోటితో అనేది "యెమియె" కదా?