అప్‌డేట్: కళింగ విలుకాళ్ల బొమ్మల మీద తెల్లపొర పోయింది

ఆగస్టులో ఇక్కడే అడిగాను, గుర్తుందా? క్రీ.పూ. 261 కళింగ యుద్ధాన్ని బల్లమీద బొమ్మలతో ఆడే ఆట కోసం రంగులేసిన 36 చిన్న బొమ్మలకు (28 ఎంఎం) మ్యాట్ వార్నిష్ (రంగును కాపాడే, మెరుపు లేని పూత) స్ప్రే కొడితే బూడిద చల్లినట్టు తెల్లబడ్డాయని. ఇప్పుడు బాగయ్యాయి. సాయం చేసిన అందరికీ థ్యాంక్స్.

పర్లాకిమిడిలో మా వీధిలో కార్లకు పెయింట్ వేసే మావయ్యకు ఒక బొమ్మ చూపించాను. చూడగానే నవ్వాడు. "వానాకాలంలో వసారాలో కొట్టావా బాబూ?" అన్నాడు. స్ప్రేలోని ద్రావకం గబగబా ఆవిరైతే ఉపరితలం చల్లబడి, గాలిలోని తేమ పొరలో చిక్కుకుంటుందట. కార్లకైతే థిన్నర్ కొడతారు కానీ మన యాక్రిలిక్ రంగులకు వద్దన్నాడు. రంగే కరిగిపోతుంది.

పనిచేసింది ఇక్కడ ఒక అన్న చెప్పిన చిట్కానే: బ్రష్‌తో పల్చగా గ్లాసీ (మెరిసే) వార్నిష్, ఒక రాత్రి ఆరాక బ్రష్‌తోనే మ్యాట్. మనిషెత్తు విల్లును నేలకు ఆన్చి ఎడమకాలితో తొక్కి లాగే విలుకాళ్లు (గ్రీకులు రాసినట్టే పెట్టాను) మాత్రం సతాయించారు. కాలికీ వింటికీ మధ్య సందులో తెలుపు రెండో పూతకు గానీ పోలేదు. ఏనుగు ఒక్కపూతకే లొంగింది!

ప్రైమర్ (రంగు కింద వేసే తొలిపూత) పాతదనీ, బొమ్మల్ని సబ్బుతో కడగలేదనీ నేను పడ్డ టెన్షన్ అంతా దండగ. ఆలివ్ నూనె ఒక బొమ్మకు రాశాను. తెలుపు తగ్గింది కానీ జిడ్డుకు దుమ్మంతా అంటుకుంది. రంగు మొత్తం ఊడదీయమన్నవాళ్ల మాట విననందుకు సంతోషం.

మిగిలిన మౌర్య సైన్యానికి స్ప్రే సంక్రాంతి ఎండల్లోనే.