పాత బి-275 ట్రాక్టర్‌కి పవర్ కావాలంటే పంపు తెరవాలా, ఇంజిన్ పని చేయించాలా?

సిరోంచ_రైతు:
మా నాన్న కొన్న ఇంటర్నేషనల్ బి-275 ఇంకా మా దగ్గరే ఉంది, రోజూ చేనుకు పోతుంది. ఈసారి అయిదడుగుల రోటావేటర్ తగిలించాం. మిరపకట్టె పీకేసిన రేగడి చేనులో దింపితే ఇంజిన్ కూర్చుంటోంది, గేర్ తగ్గించినా అంతే. ఒక మెకానిక్ ఇంజిన్‌కు డీజిల్ అందించే పంపు సీలు తీసి డీజిల్ పెంచితే 45 హెచ్‌పీ బండితో సమానంగా గుంజుతుందంటున్నాడు, ఇంకొకరు టర్బో పెట్టించుకోమంటున్నారు. కొత్త బండి కొనే స్తోమత ఇప్పుడు లేదు, దీన్ని అమ్మే ఉద్దేశం అసలే లేదు. ఏం చేయమంటారు?

రాజురా_పత్తి:
పంపు తెరిపించు తమ్మీ, ఇందులో ఆలోచించేదేముంది. మా దిక్కు పాత బండ్లు చాలావరకు అలాగే నడుస్తున్నాయి. కొద్దిగా నల్లపొగ వస్తుంది, రానీ. లోడ్ మీద తేడా ఆరోజే తెలుస్తుంది.

అహేరి_వర్క్‌షాప్:
తేడా తెలుస్తుందన్న మాట నిజమే అన్నా, కాదనను. కానీ ఎక్కడిదాకా తెలుస్తుందో కూడా చెప్పాలి కదా. డీజిల్ ఇంజిన్‌కు హద్దు డీజిల్ కాదు, గాలి. కిలో డీజిల్ పూర్తిగా మండడానికి లెక్క ప్రకారం పద్నాలుగున్నర కిలోల గాలి చాలు, కానీ సిలిండర్‌లో ఆ రెండూ అంత బాగా కలవవు కాబట్టి సుమారు 18, 20 కిలోల కంటే తగ్గితే పొగ మొదలవుతుంది. చిక్కటి నల్లపొగ కనిపించిందంటే ఆపైన పోసేది చాలావరకు దండగే. దండగైనా ఊరికే పోదు. ఎగ్జాస్ట్ వేడి పెరిగిపోతుంది, పిస్టన్ తల కాలుతుంది, మండని డీజిల్ సిలిండర్ లైనర్ గోడల మీది ఆయిల్‌ను కడిగేసి కిందికి దిగి ఆయిల్ ఛాంబర్‌లో కలుస్తుంది. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ తగ్గాల్సింది పోయి పెరిగి ఉంటుంది, వేళ్ల మధ్య రుద్దితే పల్చగా జారిపోతుంది, డీజిల్ వాసన కొడుతుంది. అప్పటికే బేరింగుల పని మొదలైనట్టు.

తమ్మీ, నీ బండి కొత్తలో సుమారు 35 హెచ్‌పీ. ఇన్నేళ్లు నడిచాక అంత మిగిలి ఉండదు. 45 సంగతి తర్వాత, ముందు పోయింది వెనక్కి తెచ్చుకో. ఇంజిన్ వేడెక్కాక ఆయిల్ పోసే మూత తీసి చూడు, గుప్పుగుప్పున పొగ తన్నుకొస్తే రింగులు, లైనర్లు అయిపోయినట్టే. డీజిల్ చిమ్మే నాజిళ్లు తీయించి టెస్టర్ మీద పెట్టించు, పొగమంచులా చిమ్మాలి, చుక్క కారిందంటే మార్చాల్సిందే. వాల్వులు, ట్యాపెట్లు, పంపు టైమింగ్, ఎయిర్ క్లీనర్ గిన్నెలో అడుగున పేరుకున్న మట్టి, ఇవన్నీ చూశాకే ఇంకో మాట.

గోండ్‌పిప్రి_యువరైతు:
కాకా, గాలే హద్దని మీరే అంటున్నారు. టర్బో చేసేది గాలి పెంచడమే కదా? కొత్త బండ్లలో ఎన్నింటికి లేదు టర్బో? పాతదానికి పెడితే తప్పేంటి?

అహేరి_వర్క్‌షాప్:
సూత్రం సరైనదే. కాకపోతే టర్బోతో వచ్చే ఇంజిన్‌కు ఆ గాలిని మోసేలా పిస్టన్లు, హెడ్, క్రాంకు, కూలింగ్ అన్నీ ముందే కట్టి ఇస్తారు. పాత బి-275 డీఐ రకం, అంటే డీజిల్ నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే రకం కాదు. హెడ్‌లోని చిన్న గదిలో డీజిల్ అంటుకుని, తర్వాత సిలిండర్‌లోకి వస్తుంది. ఆ రకానికి మొదటినుంచే కంప్రెషన్ ఎక్కువ. దానిమీద మళ్లీ గాలి కుక్కితే గ్యాస్కెట్ ఎక్కడ తట్టుకుంటుంది? ఇంజిన్ ఒకవేళ తట్టుకున్నా వెనక క్లచ్, గేర్‌బాక్స్ అవే పాతవి. కొందరు ఆర్‌పీఎం పెంచేస్తారు, అది ఇంకా ప్రమాదం, స్పీడు 10 శాతం పెంచితే పిస్టన్ల విసురు వల్ల కనెక్టింగ్ రాడ్ల మీద పడే బలం 21 శాతం పెరుగుతుంది.

బోర్, అంటే సిలిండర్ వెడల్పు, పెంచమనే వాళ్లూ ఉన్నారు. అది కంపెనీయే చేసి చూపించింది. బి-275 బోర్ 3.375 అంగుళాలు, ఇంజిన్ 144 ఘనపు అంగుళాలు. ఇంగ్లండ్‌లో వచ్చిన బి-414కి స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) అదే 4 అంగుళాలు ఉంచి బోర్ 3.5 చేశారు, 154 అయింది. అంటే పెరిగింది 7 శాతం. ఇప్పుడు మన ఎండ సంగతి చూడండి. 25 డిగ్రీల చల్లటి పొద్దుకీ మే నెల 45 డిగ్రీల మధ్యాహ్నానికీ అదే సిలిండర్‌లో పట్టే గాలి 6 శాతం దాకా తగ్గిపోతుంది. బోర్ చేయించి సంపాదించింది దాదాపు అంతా ఎండకే పోతుంది! తెల్లవారుజామున దున్నుకుంటే పైసా ఖర్చు లేకుండా అందులో కొంతైనా మిగులుతుంది.

రాజురా_పత్తి:
లెక్కలు బాగున్నాయి కాకా, ఒప్పుకుంటున్నా. కానీ రింగులు, లైనర్లు, నాజిళ్లు, పంపు, అన్నీ చేయించాలంటే ఎంత బిల్లు అవుతుందో మీకు తెలుసు. బండి విప్పితే ఎన్నాళ్లు షెడ్డులో ఉంటుందో కూడా తెలుసు. దుక్కి అదును ఆగదు. సీజన్ గడిచేదాకా పంపు కొద్దిగా తెరిచి నడుపుకోవడం తప్పని నేననుకోను. పొగ సన్నగా వచ్చేదాకా తెరిచి అక్కడ ఆపితే సరి.

చెన్నూరు_వరిచేను:
అసలు అయిదడుగుల రోటావేటరే దానికి ఎక్కువ అన్నా. అలసిన ఇంజిన్ అయితే నాలుగడుగులదే సరిపోతుంది. బ్లేడ్లు అరిగాయా చూశారా? మొద్దుబారిన బ్లేడ్లతో ఎండిన రేగడి కొడితే కొత్త బండయినా మొరాయిస్తుంది. ముందు గొర్రు తోలి, పదును ఉన్నప్పుడు లోతు తగ్గించి రెండు సాళ్లు వేయండి. మేం ప్రాణహిత ఇవతల అలాగే చేస్తున్నాం.

సిరోంచ_రైతు:
అందరికీ థ్యాంక్స్. ఇవాళ మూత తీసి చూశా, పొగ బాగానే తన్నుకొస్తోంది. నాజిళ్లలో రెండు కారుతున్నాయి. పంపు ముట్టుకోను. ఈ దుక్కికి గొర్రు తోలి, రోటావేటర్ పైపైన వేసి కానిచ్చేస్తా, ఆ తర్వాత ఇంజిన్ విప్పిస్తా. ఎలాగూ లైనర్లు మారుస్తున్నప్పుడు 3.5 బోర్ వేయించుకోవచ్చా కాకా?

అహేరి_వర్క్‌షాప్:
స్టాండర్డ్ సైజే వేయించు. పెద్ద బోర్ కిట్ ఎవరైనా తెచ్చి చూపించినా, లేత్ దగ్గర బ్లాక్ కొలిపించకుండా ఒప్పుకోకు. ఆ డబ్బుతో హెడ్‌కు ప్రెషర్ టెస్ట్ చేయించు, పగులు ఉంటే విప్పినప్పుడే బయటపడాలి.