సెమ్మెల్‌వైస్‌ను ఇంకెన్నిసార్లు సాక్ష్యానికి పిలుస్తారు?

తూనికరాయి (చర్చ మొదలుపెట్టినవారు)

నిన్న మా బంధువొకాయన ఒక వీడియో పంపారు. నడుముకు పట్టీలా కట్టుకునే యంత్రమట, దాని తరంగాలకు క్యాన్సర్ గడ్డలు కరిగిపోతాయట. ఎవరిమీద పరీక్షించారు, ఎంతమందికి నయమైంది అని అడిగాను. లెక్కలు రాలేదు, కథ వచ్చింది: "సెమ్మెల్‌వైస్‌ను కూడా ఆనాటి డాక్టర్లు ఇలాగే వెక్కిరించారు." ఈ కథ వినీ వినీ నా చెవులు చిల్లులు పడ్డాయి.

తెలియనివారి కోసం చెబుతాను. 1847లో వియన్నా జనరల్ ఆస్పత్రిలో రెండు ప్రసూతి వార్డులు ఉండేవి. మొదటిదాంట్లో వైద్య విద్యార్థులు, రెండోదాంట్లో మంత్రసానులు పురుళ్లు పోసేవారు. బాలింత జ్వరంతో మొదటి వార్డులో సగటున నూటికి పదిమంది చనిపోతుంటే, రెండోదాంట్లో నలుగురికి మించేవారు కాదు. విద్యార్థులు శవాలను కోసిన చేతులతోనే వార్డుకు వస్తున్నారని అక్కడి డాక్టర్ సెమ్మెల్‌వైస్ పసిగట్టారు. క్లోరిన్ కలిపిన సున్నపు నీళ్లతో చేతులు కడిగించారు. ఏప్రిల్‌లో 18 శాతం ఉన్న మరణాలు జూన్, జూలై నాటికి 2 శాతం దగ్గరికి దిగాయి. అయినా పెద్దలు చాలామంది ఒప్పుకోలేదు. 1865లో ఆయన పిచ్చాసుపత్రిలో చనిపోయారు.

కథ నిజమే. కానీ వెక్కిరింతలు పడ్డవాళ్లందరూ సెమ్మెల్‌వైస్‌లు కారు. వెక్కిరింపుకు అన్ని విధాలా తగినవాళ్లు వేలమంది ఉండి ఉంటారు, వాళ్ల చరిత్ర ఎవరూ రాయరు. గెలిచిన గుర్రాల జాబితా చూసి పందెం కాయమంటే ఎలా? అందుకే నా ప్రతిపాదన: వైద్యచరిత్రను తీరిక వేళ చదువుకుందాం. మందు మంచిదా, టీకా వేయించుకోవాలా అన్న చర్చలోకి మాత్రం దాన్ని రానివ్వొద్దు. అక్కడ ఈనాటి ఆధారాలు చాలు.

ఎదురీత

మీరు చెప్పినట్టే చేసి ఉంటే కడుపులో పుండుకు ఇప్పటికీ "మనసు ప్రశాంతంగా ఉంచుకోండి, కారం తగ్గించండి" అనే చెబుతూ ఉండేవారు. ఆస్ట్రేలియా వైద్యులు బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్ అది బ్యాక్టీరియా పని అన్నప్పుడు ఎవరు నమ్మారు? కడుపులోని ఆమ్లంలో ఏ సూక్ష్మజీవీ బతకదని పుస్తకాలు చెప్పాయి. చివరికి 1984లో మార్షల్ ఆ బ్యాక్టీరియాను తనే తాగాల్సి వచ్చింది. 2005లో నోబెల్ ఇచ్చారు. "ఈనాటి ఆధారాలు" అని మీరంటున్నవి రేపటికి తప్పులు కావని హామీ ఇవ్వగలరా?

తూనికరాయి

ఇవ్వలేను. కానీ మార్షల్ కథలో మీరు దాటవేసిన భాగం ఉంది. తాగాక ఆయనకు పుండు రాలేదు, కడుపులో వాపు వచ్చింది. అంతవరకే చెప్పుకున్నారు. ఆ తర్వాత రోగులమీద పరీక్షలు జరిగాయి. 1994 నాటికే అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల నిపుణుల సమావేశం ఇలాంటి పుండ్లకు యాంటీబయాటిక్స్ వాడమని చెప్పింది. నమ్మనివాళ్లను పదేళ్లలో ఒప్పించింది ఆధారాలేగా? మా బంధువు పంపిన పట్టీ కంపెనీ ఆ పదేళ్ల పని చేయడానికి ఇష్టపడటం లేదు, అదీ తేడా.

పాతకాగితం

ఇద్దరూ ఒకే పొరపాటు చేస్తున్నారు. ఒకరు సెమ్మెల్‌వైస్ బొమ్మకు దండ వేస్తున్నారు, ఇంకొకరు ఆ బొమ్మను అటకెక్కిద్దాం అంటున్నారు. మనిషిని మాత్రం ఇద్దరూ చూడటం లేదు.

ఆ మనిషి తన పుస్తకాన్ని 1861 దాకా అచ్చువేయలేదు. పద్నాలుగేళ్లు! ఒప్పుకోని ప్రొఫెసర్లను హంతకులంటూ బహిరంగ లేఖలు రాశారు. బాలింత జ్వరం ఎక్కడ వచ్చినా కుళ్లిన పదార్థమే కారణం, మరొకటి లేదు అని పట్టుబట్టారు. శవాల గదులు లేని చోట కూడా ఆ జ్వరం ఎందుకు వస్తోందని అడిగినవాళ్లు అందరూ మూర్ఖులేమీ కారు. అలాగని ఆయన లెక్కలను పక్కన పెట్టినందుకు వాళ్లను క్షమించలేం కూడా.

ఇంకో సంగతి. ఆయనకంటే చాలా ముందే, 1795లో, స్కాట్లాండ్‌లోని అబర్డీన్‌లో అలెగ్జాండర్ గోర్డన్ అనే వైద్యుడు బాలింత జ్వరం వచ్చిన స్త్రీల పట్టిక వేశారు. ఒక్కొక్కరికి పురుడు పోసింది ఎవరో పేరుతో సహా రాశారు. ఆ పేర్లలో తన పేరూ ఉంది. రోగాన్ని మోసుకెళ్లినవాళ్లలో నేనూ ఉన్నానని ఒప్పుకున్నారు. ఊరు ఊరంతా ఆయనమీద విరుచుకుపడింది, ఆయన అక్కడ ఉండలేకపోయారు. నాకు సెమ్మెల్‌వైస్ కంటే ఈయనంటేనే గౌరవం ఎక్కువ. కానీ ఈయన పేరు చెప్పి ఎవరూ పట్టీలు అమ్మరు. "నా చేతుల వల్లే చనిపోయారు" అనే కథతో ఏ సరుకు అమ్ముడుపోతుంది?

నైట్‌డ్యూటీ

నేను నర్సును. చేతులు కడుక్కోవడం మీద చర్చ కనక మాట్లాడే హక్కు కాస్త ఉందనుకుంటాను.

కొన్నేళ్ల కిందట నేను పనిచేసే చోట నాకొక కాగితం ఇచ్చి వార్డు మూల కూర్చోబెట్టారు. ఎవరు రోగిని తాకేముందు చేతులు శుభ్రం చేసుకుంటున్నారో టిక్కు పెట్టాలి. మొదటి రోజు నా చేతిలో కాగితం ఎందుకో ఎవరికీ తెలియదు. నిజం రాయాలంటే టిక్కులకంటే ఖాళీలే ఎక్కువ. మూడో రోజుకు విషయం అందరికీ తెలిసిపోయింది. నేను కనబడగానే పెద్ద డాక్టర్లు కూడా సీసా వైపు నడిచేవారు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్న మర్నాడే ఖాళీలు మళ్లీ మొదలు. వీళ్లందరూ కాలేజీలో సెమ్మెల్‌వైస్ పాఠం చదివినవాళ్లే. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్లే.

1990ల్లో జెనీవా విశ్వవిద్యాలయ ఆస్పత్రులలో డిడియే పిటే బృందం వేరే దారి పట్టింది. సింక్ దాకా నడిచి, సబ్బు రాసి, కడిగి, తుడుచుకునేసరికి నిమిషం పైనే పడుతుంది. రద్దీ వార్డులో అంత సమయం దొరకదు. అందుకని ఆల్కహాల్ ద్రావణం సీసాలు మంచాల పక్కనే పెట్టారు. చేతులు శుభ్రం చేసుకోవడం 1994లో 48 శాతం ఉంటే 1997 నాటికి 66 శాతానికి పెరిగింది, ఆస్పత్రిలో సోకే ఇన్ఫెక్షన్లు తగ్గాయి. వియన్నా కథను మంచివాడు, చెడ్డవాళ్లు అన్నట్టు చెబితే ఈ సీసా ఆలోచన ఎప్పటికీ రాదు. సున్నపు నీళ్లు చేతుల తోలు లేపేవని, అందుకే కొందరు తప్పించుకునేవారేమోనని ఎవరైనా పాఠంలో చెప్పి ఉంటే బాగుండేది.

ఉప్పుగాలి

నేను స్కర్వీ కథ చెబుతాను, సి విటమిన్ అందక వచ్చే జబ్బు అది. ఇది వెక్కిరింత కథ కాదు, మరిచిపోయిన కథ. తూనికరాయి గారికి ఇది నచ్చకపోవచ్చు.

1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ వైద్యుడు చిగుళ్లు కుళ్లి, మోకాళ్లు నిలవని పన్నెండుమంది నావికులను ఇద్దరిద్దరుగా ఆరు జతలు చేశారు. ఒక జతకు ఆపిల్ సారా, ఒక జతకు వెనిగర్, ఒక జతకు సముద్రపు నీరు, ఇలా. ఒక జతకు రోజూ రెండు నారింజలు, ఒక నిమ్మకాయ. ఆరు రోజులకే పళ్లు అయిపోయాయి. అప్పటికే ఆ ఇద్దరిలో ఒకడు పనికి లేచాడు. ఇంతవరకు అందరికీ తెలుసు. ఆ తర్వాత లిండ్ ఏం చేశారో చూడండి. రసం నిల్వ ఉండాలని దాన్ని వేడిచేసి చిక్కబరచమన్నారు. వేడికి సి విటమిన్ పోతుంది. తన మందును తనే చంపుకున్నారన్నమాట, పాపం.

1795 నుంచి బ్రిటిష్ నౌకాదళం నిమ్మరసం ఇవ్వడం మొదలుపెట్టింది, స్కర్వీ దాదాపు మాయమైంది. 1860ల్లో మధ్యధరా ప్రాంతపు పెద్ద పసుపు నిమ్మలకు బదులు కరీబియన్ దీవుల చిన్న ఆకుపచ్చ నిమ్మలకు మారారు. రెండూ పులుపే కదా అనుకున్నారు. వాటిలో మందు గుణం నాలుగో వంతు ఉంటే ఎక్కువ. కానీ అప్పటికి ఆవిరి ఓడలు వచ్చాయి, ప్రయాణాలు కురచయ్యాయి. రసం పనిచేయడం లేదని ఎవరికీ తెలియలేదు. 1875లో ఆర్కిటిక్ యాత్రకు వెళ్లిన ఓడల్లో రసం ఉండగానే స్కర్వీ విరుచుకుపడింది. దాంతో నిమ్మరసమే దండగ, పాడైన మాంసంలోని విషమే స్కర్వీకి కారణం అనే సిద్ధాంతం లేచింది. నూరేళ్ల కిందట గెలిచిన యుద్ధాన్ని ఇలా ఓడిపోయారు.

మందు ఎందుకు పనిచేస్తోందో తెలియకుండా, చవకైన దానికి మారడం. ఇది మీకు ఈనాటి సంగతిలా అనిపించడం లేదా?

తూనికరాయి

నచ్చింది, బాగా నచ్చింది. కానీ ఆ చిక్కుముడి విప్పింది ఏమిటి? 1907లో నార్వేలో హోల్స్ట్, ఫ్రోలిక్ గినీ పందులమీద చేసిన ప్రయోగం. అదృష్టం ఏమిటంటే, మనిషిలాగే గినీ పంది కూడా సి విటమిన్‌ను తనలో తయారుచేసుకోలేదు. ఎలుకలతో మొదలుపెట్టి ఉంటే ఏమీ దొరికేది కాదు. అంటే చివరికి దారి చూపింది ప్రయోగశాల.

పైగా చరిత్ర ఎవరికి కావలసిన కథ వాళ్లకు ఇస్తుంది. కలరా నీళ్ల ద్వారా వస్తుందన్న డాక్టర్ జాన్ స్నో 1854లో లండన్ బ్రాడ్ స్ట్రీట్‌లో నీళ్ల పంపు పిడి తీయించగానే అది ఆగిందని చెబుతారు. పిడి తీసేనాటికే కేసులు తగ్గుముఖం పట్టాయని స్నో స్వయంగా రాశారు. మరోపక్క, దుర్గంధం వల్లే రోగాలు వస్తాయని నమ్మినవాళ్లు లండన్‌కు మురుగు కాలువలు కట్టి లక్షల ప్రాణాలు కాపాడారు. సరైన సిద్ధాంతం, అనుమానపు ఫలితం. తప్పు సిద్ధాంతం, గొప్ప ఫలితం. దీన్నుంచి నేనేం నేర్చుకోవాలి?

పాతకాగితం

ఆ దుర్గంధం దగ్గరే ఆగండి. మీరు అడిగిన జవాబు అక్కడే ఉంది.

చెడుగాలి సిద్ధాంతాన్ని పూర్తిగా తరిమేయాలని 1910లో ఛార్లెస్ చేపిన్ అనే అమెరికా ఆరోగ్యాధికారి ఒక పుస్తకం రాశారు. గాలి ద్వారా రోగం వస్తుందని జనం నమ్మినంతకాలం చేతులు కడుక్కోరని ఆయన బాధ. ఆ బాధ న్యాయమైనదే. కానీ గాలి ద్వారా సోకడం అనే మాటే వైద్యులకు మూఢనమ్మకంలా వినిపించడం మొదలైంది. 1930ల్లో విలియం వెల్స్ చిన్న తుంపరలు ఎండిపోయి గాలిలో గంటలకొద్దీ తేలతాయని చూపించారు. నేలకు రాలే తుంపరకూ తేలేదానికీ మధ్య హద్దు సుమారు 100 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). 1950ల్లో రిచర్డ్ రైలీతో కలిసి బాల్టిమోర్‌లో క్షయ వార్డు గాలిని గొట్టాల ద్వారా గినీ పందుల గదికి పంపారు. వాటికి క్షయ సోకింది. అతినీలలోహిత కిరణాలతో శుద్ధి చేసిన గాలి వెళ్లిన గదిలో సోకలేదు.

క్షయ మాత్రం ఊపిరితిత్తుల అట్టడుగుకు చేరితేనే అంటుకుంటుంది. అంత లోతుకు వెళ్లాలంటే కణం 5 మైక్రాన్ల లోపు ఉండాలి. ఈ రెండు అంకెలూ ఎక్కడో కలగాపులగం అయ్యాయి. 5 మైక్రాన్లు దాటినదేదైనా వెంటనే రాలిపోతుందని పుస్తకాల్లో స్థిరపడింది. 2020 మార్చి 28న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్ గాలి ద్వారా సోకదని సామాజిక మాధ్యమాల్లో ప్రకటించింది. ఆ 5 ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవడానికి గాలి కణాల శాస్త్రవేత్తలు, చరిత్ర పరిశోధకులు కలిసి పాత కాగితాలు తవ్వాల్సి వచ్చింది. ఈనాటి ఆధారాలు చాలంటారు సరే, ఆ ఆధారాల లోపలే 1910 నాటి భయం కూర్చుని ఉంటే దాన్ని ఏ ప్రయోగశాలలో పట్టుకుంటారు?

ఎదురీత

చూశారా! ప్రపంచ ఆరోగ్య సంస్థే తప్పు చెప్పింది. నేను మొదటి నుంచీ అంటున్నది ఇదే.

నైట్‌డ్యూటీ

ఎదురీత గారూ, మీరన్నది ఇది కాదు. ఆ తప్పును పట్టుకున్నది కణాల పరిమాణం కొలిచినవాళ్లు. కొలవడానికి ఒప్పుకోని పట్టీ కంపెనీ కాదు.

పాతకాగితం గారికి ఒక మాట. చరిత్ర తెలిసినా తప్పు పాఠం నేర్చుకునే ప్రమాదం ఉంది. థాలిడోమైడ్ అనే మందును 1957లో పశ్చిమ జర్మనీలో నిద్రకు అమ్మారు, వేవిళ్లకూ వాడారు. 1961 నవంబరులో వెనక్కి తీసుకునేలోపు వేలమంది పిల్లలు చేతులు, కాళ్లు సరిగా ఏర్పడకుండా పుట్టారు. గర్భిణులకు సురక్షితమా అని సరిగ్గా పరీక్షించకుండా అమ్మడం అక్కడ తప్పు. లోకం నేర్చుకున్నదేమిటి? గర్భిణులను పరీక్షల దగ్గరికే రానివ్వొద్దని. 1977లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ పిల్లలు పుట్టే వయసు స్త్రీలందరినీ తొలి దశ పరీక్షలకు దూరం పెట్టమంది, 1993లో గానీ ఆ మాట వెనక్కి తీసుకోలేదు. 2020లో కోవిడ్ టీకాల పెద్ద పరీక్షల్లోనూ గర్భిణులు లేరు. నాతో పనిచేసే అమ్మాయి అప్పుడు ఆరో నెల. వేయించుకోనా వద్దా అని నన్ను అడిగింది. చూపించడానికి నా దగ్గర ఒక్క అంకె లేదు. ఎవరి దగ్గరా లేదు.

ఉప్పుగాలి

నిమ్మకాయ మార్చినట్టే ఉంది. పాఠం పేరు మిగిలింది, పాఠంలో సారం పోయింది.

తూనికరాయి

నైట్‌డ్యూటీ గారి ఆఖరి మాట చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. నా ప్రతిపాదనలో సగం వెనక్కి తీసుకుంటున్నాను. చరిత్రను చర్చలోకి రానివ్వొద్దన్నది తొందరపాటు. 5 మైక్రాన్ల సంగతి నాకు తెలియదు, ఆ అంకెను నేనే క్లాసులో చాలాసార్లు చెప్పాను. రెండో సగం మీద మాత్రం కదలను. "ఆయన్నూ వెక్కిరించారు" అన్నది వాదన కాదు.

అయితే ఆ వియన్నా లెక్కలు మళ్లీ చూస్తుంటే ఒకటి తట్టింది. పక్కన మంత్రసానుల వార్డు లేకపోతే సెమ్మెల్‌వైస్ చేతిలో ఏముండేది? పురుళ్లలో చావులు మామూలే అనేవారు. ఇందాక మా బంధువుకు రాశాను: "మీ సెమ్మెల్‌వైస్‌ను ఒప్పుకుంటున్నాను బావగారూ. ఆ పట్టీ కట్టుకోనివాళ్ల లెక్క, అంటే రెండో వార్డు, ఎక్కడుందో కంపెనీ వాళ్లను అడిగి చెప్పండి."

రెండు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు ఇంకా రాలేదు.